మంచుకి తెల్లరంగు వద్దు

బుజ్జీ,

నువ్వు పంపిన బొమ్మ చూశాను. కొండ బాగానే కుదిరింది గానీ, మంచు మాత్రం అడవికి సున్నం కొట్టినట్టుంది. ఆ తెల్లరంగు ట్యూబు కొన్నాళ్లు దాచెయ్. వాటర్ కలర్‌లో తెలుపంటే కాగితమే.

ఇంతకీ అసలు తప్పు రంగులో లేదు. నువ్వు కొండ కొసని మసకగా వేసి, కింద చెట్ల మొదళ్లు స్పష్టంగా వేశావు. నెలగంట పెట్టాక, అంటే ధనుర్మాసంలో, ఓ తెల్లవారుజామున గోస్తనీ నది మీది తాటిపూడి రిజర్వాయరు గట్టున నిలబడి చూడు. రాత్రి మబ్బు లేకపోతే నేల బాగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న తేమగాలి పల్లంలో మంచై పేరుకుంటుంది. అంచేత కొండ మొదలు కనబడదు, కొస కనబడుతుంది. పొద్దెక్కితే ఆ మంచే పాయలు పాయలుగా లేస్తుంది. ఎండ తగిలిన పాయ లేత పసుపు, నీడలోది నీలిబూడిద. అక్కడ పెన్సిల్‌తో గీసుకుంటే చాలు. ఆ చెమ్మలో రంగులేస్తే కాగితం ఓ పట్టాన ఆరదు.

ఇంటికొచ్చాక 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువు) కాటన్ కాగితం తియ్యి. పల్చటిదైతే ఉబ్బిపోతుంది. అల్ట్రామెరీన్ నీలంలో కాస్త బర్న్ట్ సియెన్నా, అదే ఎర్రమట్టి రంగు, కలిపితే మంచి బూడిదరంగు వస్తుంది. థాలో బ్లూ అనే నీలం జోలికి పోకు, కాగితానికి పట్టిందంటే వదలదు. వెనక కొండతో మొదలుపెట్టు. పొడికాగితం మీద పై అంచు వేసి, అది ఆరేలోపే ఒట్టి నీళ్ల బ్రష్‌తో కిందికి లాగు. రంగు పల్చబడుతూ తెల్ల కాగితంలో కలిసిపోవాలి. పూర్తిగా ఆరాకే ముందు వరస చెట్లు, ఇంకాస్త చిక్కగా. మూడు వరసలు చాలు. ఆరితే రంగు పాలిపోతుంది కాబట్టి, తడిమీద సరిపోయిందనిపిస్తే ఇంకొంచెం వెయ్యాలన్నమాట.

లేచే పాయల కోసం కాగితం మీద తడిమెరుపు తగ్గేదాకా ఆగు. అప్పుడు బ్రష్ గట్టిగా పిండి, దాంతో రంగుని పీల్చి ఎత్తెయ్. ముందే ఎత్తితే చుట్టూ ఉన్న రంగు మళ్లీ పాకేస్తుంది. ఆ సమయంలో బ్రష్‌లో నీళ్లుంటే క్యాలీఫ్లవర్ పువ్వులాంటి మరక పడుతుంది. రిటైరయ్యే ముందు ఏడాది కూడా నేను పిల్లల ముందు అలాంటి పువ్వొకటి పూయించాను. వాళ్లు చప్పట్లు కొట్టారు, మర్యాదకి కాదులే!

శనివారం రాత్రి బస్సుకే వచ్చెయ్, నేను బస్టాండు కాంప్లెక్స్ దగ్గరుంటాను. తెల్లారి బస్సెక్కితే నువ్వొచ్చేసరికి మంచుండదు. స్వెట్టరు మర్చిపోకు, స్కూటర్ మీద చలి కోసేస్తుంది.

మీ పెదనాన్న