ఎక్కువమంది వద్దంటే పబ్‌కి లైసెన్స్ ఆగిపోతుందా?

ఆగదు; ఇంగ్లండ్, వేల్స్‌లో మద్యం, సంగీత కార్యక్రమాల లైసెన్స్‌ను ఎంతమంది వద్దన్నారని కాదు, ఎందుకు వద్దన్నారని చూసి తేలుస్తారు.

అక్కడి 2003 లైసెన్సింగ్ చట్టం నాలుగే విషయాలు చూడమంటుంది: నేరాలు, అల్లర్లు జరగకుండా ఆపడం, జనం భద్రత, చుట్టుపక్కలవాళ్లకు ఇబ్బంది లేకపోవడం, పిల్లలకు హాని కలగకపోవడం. దరఖాస్తు పెట్టిన 28 రోజుల్లో వీటికి సంబంధించి ఒక్క అభ్యంతరం వచ్చినా, అందరూ రాజీపడితే తప్ప, స్థానిక కౌన్సిల్ విచారణ జరపాలి. మామూలుగా ముగ్గురు కౌన్సిలర్లు కూర్చుని ఇరువైపులా వింటారు. అసలు అభ్యంతరమే రాకపోతే లైసెన్స్ ఇచ్చి తీరాలి.

ఉదాహరణకు, ‘మా ఇంటి ధర పడిపోతుంది’ అని 200 మంది సంతకాలు పెట్టినా లాభం లేదు. ‘పబ్ పెరడు మా పాప పడకగది కిటికీకి ఆనుకునే ఉంది, అర్ధరాత్రి డ్రమ్స్ మోగితే నిద్ర ఉండదు’ అని ఒక్కరు రాసినా దానికి బరువుంటుంది. పాపం, చాలామంది ఇది తెలియకే సంతకాల కోసం తిరుగుతారు.

తీర్పంటే ఇవ్వడమో, తిరస్కరించడమో అనుకోవడం కూడా పొరపాటే. రాత్రి 11 దాటాక పెరడు మూసెయ్యాలి, పాటలప్పుడు కిటికీలు వేసుండాలి లాంటి షరతులతోనూ ఇవ్వొచ్చు. నచ్చనివాళ్లు 21 రోజుల్లో మేజిస్ట్రేట్ కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు.