‘మా గేమ్ ఆడి చూడండి’ అంటూ వచ్చే ఫైళ్లు

సందేహం: నేను నల్లగొండలో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఖాళీ సమయంలో గొడో ఇంజిన్‌తో (గేమ్‌లు తయారు చేసే సాఫ్ట్‌వేర్) అష్టాచెమ్మ ఆటను గేమ్‌గా తయారు చేస్తున్నాను. డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో పరిచయమైన ఒక వ్యక్తి, తన గేమ్ ఆడి అభిప్రాయం చెప్పమని జిప్ ఫైలు పంపాడు. తెరిస్తే ఏదో ఎర్రర్ చూపించి ఆగిపోయింది. ఆ రాత్రే నా డిస్కార్డ్, జీమెయిల్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు మూడూ చేజారిపోయాయి. అన్నింటికీ టూ స్టెప్ వెరిఫికేషన్ ఉంది. ఒక్క ఓటీపీ కూడా రాలేదు. ఎలా సాధ్యం?

సమాధానం: ఓటీపీ రాలేదంటే, దొంగ కొత్తగా లాగిన్ కాలేదని అర్థం. మీరు అప్పటికే చేసి ఉంచిన లాగిన్‌నే అతను వాడుకున్నాడు. ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లాక, పేజీ పేజీకీ మళ్లీ అడగకుండా ఉండేందుకు ఆ సైటు మీ బ్రౌజర్‌లో సెషన్ కుకీ అనే చిన్న గుర్తును దాచిపెడుతుంది. డిస్కార్డ్ యాప్ కూడా టోకెన్ పేరుతో ఇలాంటిదాన్నే దాచుకుంటుంది. మీకు వచ్చింది గేమ్ కాదు, ఇన్ఫోస్టీలర్ అనే రకం మాల్‌వేర్, అంటే సమాచారాన్ని దొంగిలించే హానికర ప్రోగ్రామ్. గేమ్ పాడైందేమోనని మీరు ఆ ఎర్రర్‌ను చూస్తున్న కొద్ది క్షణాల్లోనే అది కుకీలను, టోకెన్లను, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లను మూటగట్టి పంపించేస్తుంది. వాటిని తన కంప్యూటర్‌లో పెట్టుకున్నవాడు సైటు దృష్టిలో మీరే అవుతాడు. 2023 మార్చిలో, కోటికి పైగా చందాదారులున్న లైనస్ టెక్ టిప్స్ యూట్యూబ్ చానల్ దొంగల చేతికి పోయింది కూడా ఇలాగే. స్పాన్సర్‌షిప్ ప్రతిపాదనలా కనిపించిన ఒక ఫైలును అక్కడి ఉద్యోగి తెరవడంతో సెషన్ టోకెన్లు బయటికి వెళ్లిపోయాయి.

ఇటువంటి ఉత్తరాలు రాసేవారిలో చాలామంది, ఖాతా పోగానే అదే ల్యాప్‌టాప్‌లో కూర్చుని పాస్‌వర్డ్ మారుస్తున్నారు. మాల్‌వేర్ ఇంకా అందులోనే ఉంటే కొత్త పాస్‌వర్డ్ కూడా దొంగకే చేరుతుంది. ముందుగా ఆ ల్యాప్‌టాప్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించండి. ఇంట్లో ఉన్న మరో ఫోన్ నుంచి మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, ఎందుకంటే మిగతా ఖాతాలన్నీ తిరిగి తెచ్చుకునే దారి దాని గుండానే ఉంది. తరువాత ప్రతి ఖాతాలోనూ ‘అన్ని పరికరాల నుంచి లాగౌట్’ అనే సదుపాయాన్ని వెతికి నొక్కండి. దానితో పాత కుకీ చెల్లకుండా పోతుంది. రికవరీ ఫోన్ నంబరు, రికవరీ ఈమెయిల్ మీవేనా, మీ మెయిల్‌ను మరో చిరునామాకు పంపే ఫార్వర్డింగ్ ఏదైనా పెట్టారా అన్నది కూడా చూడండి. ఇవన్నీ అయ్యాక ప్రాజెక్టు సోర్స్ ఫైళ్లు, ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుని ల్యాప్‌టాప్‌ను పూర్తిగా ఫార్మాట్ చేయండి. యాంటీవైరస్ ఏమీ లేదని చెప్పినంత మాత్రాన ఆగవద్దు. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నన్ను అన్నింటికన్నా ఎక్కువగా భయపెడుతున్నది మీ ఇన్‌స్టాగ్రామ్ పోవడం కాదు. మీరు గేమ్ తయారు చేసేవారు. మీ డిస్కార్డ్ ఖాతా నుంచి అదే జిప్ ఫైలు ఇప్పుడు మీ మిత్రులకు వెళుతూ ఉంటుంది, మీ పేరు చూసి వారు అనుమానించరు. రేపు మీ గేమ్ ఏదైనా స్టోర్‌లో విడుదలై ఉండి, ఆ స్టోర్ ఖాతా ఇలా పోతే, దొంగ మీ పేరుతోనే మీ ఆటగాళ్లందరికీ ఒక అప్‌డేట్ పంపగలడు. స్టోర్‌లో ఉన్న గేమే ఇటువంటి పనికి దారి అవుతుందనడానికి ఉదాహరణలు ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో పైరేట్‌ఫై అనే ఉచిత గేమ్‌లో మాల్‌వేర్ ఉందని తేలడంతో కంప్యూటర్ గేమ్‌ల ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్ దాన్ని తొలగించి, ఆడినవారిని ఆపరేటింగ్ సిస్టమ్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకునే ఆలోచన చేయమంది. అదే ఏడాది స్టీమ్‌లోనే బ్లాక్‌బ్లాస్టర్స్ అనే గేమ్ మొదట శుభ్రంగానే వచ్చింది; విషం తరువాతి అప్‌డేట్‌లో వచ్చింది. క్యాన్సర్ చికిత్స కోసం విరాళాలు సేకరిస్తున్న ఒక స్ట్రీమర్ (ఆటలను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపించే వ్యక్తి) దాని వల్ల 30 వేల డాలర్లకు పైగా కోల్పోయాడు. అందుకే స్టోర్ ఖాతాను, గేమ్ మీరు పంపినదేనని నిరూపించే డిజిటల్ సంతకానికి వాడే కీ ఫైలును, రోజూ డిస్కార్డ్ తెరిచే బ్రౌజర్‌కూ ల్యాప్‌టాప్‌కూ దూరంగా ఉంచమని గేమ్ డెవలపర్లను కోరుతున్నాను.

ఇక్కడ తప్పంతా విద్యార్థి మీదికి నెట్టడానికి నాకు మనసొప్పదు. మన కాలేజీ ల్యాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే విండోస్ ఆపరేటింగ్ సిస్టమ్ ఈనాటికీ ఫైలు పేరు చివరి అక్షరాలను దాచిపెట్టే అమరికతోనే వస్తోంది. ‘ట్రైలర్.ఎంపీ4.ఈఎక్స్ఈ’ అనే ఫైలు తెర మీద ‘ట్రైలర్.ఎంపీ4’గా కనిపిస్తుంది, పక్కన వీడియో బొమ్మ కూడా ఉంటుంది. ఏది చూడాల్సిన వీడియోనో, ఏది నడిచే ప్రోగ్రామో తెలిపే ముఖ్యమైన ఆనవాలును చూడటానికి బాగుంటుందని తుడిచేయడం నిర్లక్ష్యం తప్ప మరొకటి కాదు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, అందులో షో, అందులో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ నొక్కితే అసలు పేరు కనిపిస్తుంది. ఈ వ్యాసం చదవడం ఆపి ఇప్పుడే ఆ పని చేయండి. జిప్ ఫైలుకు పాస్‌వర్డ్ పెట్టి, ఆ పాస్‌వర్డ్‌ను చాట్‌లో విడిగా పంపారంటే అది రహస్యం కాపాడటానికి కాదు, లోపల ఏముందో స్కానర్లు చూడకుండా చేయడానికి. అటువంటిదాన్ని తెరవకండి.

సందేహం: మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నాను. పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పే చిన్న గేమ్ చేశాను. ప్లే స్టోర్‌లో పెట్టాలంటే టెస్టర్లు కావాలట. వాట్సాప్ గ్రూపులలో ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్‌ను ఇన్‌స్టాల్ చేసే ఫైలు) పంపితే అందరూ నన్నే మోసగాడిలా చూస్తున్నారు.

సమాధానం: వారు అలా చూడటం సమంజసమే. పీఎం కిసాన్ పేరుతో, ఆర్టీఓ చలానా పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేలు ఎస్సెమ్మెస్‌లు చదివి బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసిన ఉదంతాలు ఇక్కడి పల్లెలకు కొత్త కాదు. పైగా మీకు ఏపీకే పంపాల్సిన అవసరమే లేదు. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత డెవలపర్ ఖాతాలకు వర్తించే గూగుల్ నిబంధన ప్రకారం కనీసం 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్‌లో (ఎంపిక చేసినవారు మాత్రమే చేసే పరీక్ష) ఉండాలి. వారి ఈమెయిల్ చిరునామాలను మీరు జాబితాలో చేర్చితే, వారు లింకు ద్వారా అంగీకరించి ప్లే స్టోర్ నుంచే గేమ్‌ను ఇన్‌స్టాల్ చేసుకుంటారు. కనుక ‘ప్లే స్టోర్ టెస్టింగ్ కోసం’ అంటూ ఎవరైనా ఏపీకే ఫైలు పంపితే, పాఠకులు దాన్ని నిస్సంకోచంగా తిరస్కరించవచ్చు.

అయినా మీ అవస్థ నాకు అర్థమవుతోంది. పెద్ద కంపెనీకి టెస్టర్లు జీతానికి దొరుకుతారు. దేవరకొండలోనో గద్వాలలోనో ఒంటరిగా గేమ్ చేస్తున్న కుర్రాడికి ముక్కూమొహం తెలియనివారి దయే దిక్కు. యాప్‌ల నాణ్యత పెంచడానికంటూ పెట్టిన ఈ నిబంధన, నిజాయితీగా పనిచేసేవారిని గ్రూపు గ్రూపుకూ తిరిగి అడుక్కునేలా చేసింది. ఫలితంగా నిజమైన డెవలపర్ అభ్యర్థన, దొంగ అభ్యర్థన ఒకే మాటలతో, ఒకే వేళలో, ఒకే గ్రూపులో కనిపిస్తున్నాయి. తెలుగులో గేమ్‌లు రావడమే అరుదైన కాలంలో ఇది సృజనకు జరుగుతున్న అన్యాయం.

దీనికి ఒక మంచి మార్గం ఉంది, నల్లగొండ విద్యార్థికి కూడా పనికొస్తుంది. గొడో సహా చాలా ఇంజిన్లు గేమ్‌ను బ్రౌజర్‌లో ఆడే రూపంలోకి మార్చి ఇస్తాయి. దాన్ని ఇచ్.ఐఓ వంటి గేమ్‌ల సైటులో పెడితే ఎదుటివారు ఏమీ డౌన్‌లోడ్ చేసుకోకుండా బ్రౌజర్‌లోనే ఆడగలుగుతారు; బ్రౌజర్‌లో నడిచే గేమ్‌కు వారి ఫైళ్లలోకి నేరుగా చొరబడే అధికారం ఉండదు. అష్టాచెమ్మకూ, అక్షరాల ఆటకూ అది బాగా సరిపోతుంది. మీ గేమ్‌ను అలా పంపండి. ఎవరైనా తమ గేమ్ ఆడమని అడిగితే మీరూ వెబ్ లింకే అడగండి. ఆ లింకు తెరిచాక ఏ పాస్‌వర్డూ ఇవ్వకండి, అది డౌన్‌లోడ్ చేయమన్నదేదీ చేయకండి. వెబ్ లింకు ఇవ్వడం కుదరదు, ఈ ఫైలే నడపాలి, అదీ ఇప్పుడే నడపాలి అని పట్టుబట్టేవారితో సంభాషణ అక్కడితో ముగించండి.