వేవిళ్లకు చెంచా వైద్యం
"మూడో నెల, ఏం తిన్నా బయటికే వస్తోంది, ఆయుర్వేదంలో మందేదైనా ఉందా?" అని అడిగారు. నా మొదటి కాన్పులో ఇదే బాధ. వంటింట్లో పోపు పడితే చాలు, కడుపులో దేవేసేది.

మా అమ్మమ్మ ధనియాలు నానబెట్టి మెత్తగా నూరి, బియ్యం కడిగిన నీళ్లలో కలిపి, కాస్త పటికబెల్లం వేసి తెచ్చింది. వంటింటి చిట్కా అనుకున్నా గానీ, తర్వాత చూపించుకున్న ఆయుర్వేద డాక్టరుగారు గర్భిణుల ఛర్దికి, అంటే వాంతులకు, శాస్త్రం చెప్పింది కూడా ఇదేనన్నారు. అయితే అమ్మమ్మ గ్లాసెడు తాగించలేదు. మంచం పక్కన కూర్చుని ఒక చెంచా పోసేది, గడియారం చూసి పది నిమిషాలాగి ఇంకో చెంచా. నేను కక్కేస్తే మూతి తుడిచి మళ్లీ మొదటి నుంచి. సాయంత్రానికి పేలాల జావ రెండు గుక్కలు కడుపులో నిలిచింది. నన్నడిగితే ధనియాల కంటే ఆ చెంచాయే అసలు మందు. మొదటి నెలలో చరకుడు చెప్పింది కూడా ఏమీ కలపని చల్లటి పాలు, మితంగా, వేళకు కాసిన్ని. గర్భిణిని అంచుదాకా నూనె పోసిన పాత్రలా చూడమన్నాడు, కుదిపితే ఒలికిపోతుందని. అలాంటిది ఎవరో అమ్మే చూర్ణాలూ భస్మాలూ డాక్టరుని అడక్కుండా ఎలా మింగుతారండీ? కొన్నిట్లో సీసం, పాదరసం కూడా ఉంటాయి.

ఇంకో మాట. చూడ్డానికొచ్చిన ప్రతి ఒక్కరూ "ఇదంతా నీ సుకుమారం" అనేవాళ్లు, నాకు ఏడుపొచ్చేది. ఛర్ది కారణాల్లో సుశ్రుతుడు గర్భాన్ని కూడా లెక్కేశాడు. 2023లో వచ్చిన పరిశోధన కూడా పిండం నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోనే ముఖ్య కారణమని తేల్చింది. సుకుమారమట!

మూడు రోజులు బాగానే ఉన్నా, నాలుగో రోజు మంచినీళ్లు కూడా ఇమడలేదు. పొద్దున్నుంచీ మూత్రం రాలేదు, సాయంత్రం వచ్చింది కాస్తా ముదురు పసుపు. ఆ ఆయుర్వేద డాక్టరుగారే నాలుక చూసి, చీటీ పక్కన పెట్టేసి, "ఇప్పుడు నా మందు కాదమ్మా, ముందు వెళ్లి సెలైన్ పెట్టించుకో" అన్నారు. రెండు బాటిళ్లు ఎక్కాక గానీ నేను లేచి కూర్చోలేదు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది ఆ రోజే.

కాబట్టి మందు సంగతి తర్వాత. ఇవాళ మూత్రానికి ఎన్నిసార్లు వెళ్లారు? నీళ్లు నిలుస్తున్నాయా? కళ్లు తిరుగుతున్నాయా, బరువు తగ్గారా? నీళ్లు కూడా నిలవకపోతే ధనియాలు నానబెట్టుకుంటూ కూర్చోకండి, ఇప్పుడే ఎవరినైనా తోడు తీసుకుని ఆస్పత్రికి బయల్దేరండి.