తేనెటీగ పాప వీడియో ఏ బ్యాండ్‌ది?

మీ క్విజ్‌లో తేనెటీగ వేషం వేసుకుని డ్యాన్స్ చేసే పాప వీడియోకి పెర్ల్ జామ్ అని పెట్టారు కదా, అందుకే తప్పని చూపించిందండీ. అది బ్లైండ్ మెలన్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్ పాట 'నో రెయిన్'. ఆ పాట ఉన్న ఆల్బమ్ 1992లో వచ్చింది. దాని అట్ట మీద కూడా తేనెటీగ వేషంలో ఒక అమ్మాయి ఉంటుంది, కానీ అది వాళ్ల డ్రమ్మర్ సోదరి చిన్నప్పటి ఫొటో. వీడియోలో ఉన్న పాప వేరు. క్విజ్ తయారుచేసేవాళ్లకి ఇలాంటి మెలికలంటే మహా సరదా!

మీ రెండో ప్రశ్న, అదే డైరెక్టర్ తీసిన ఇంకో వీడియో. ఆయన శామ్యూల్ బేయర్. నిర్వాణ 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్', క్రాన్‌బెరీస్ 'జాంబీ' రెండూ ఆయనవే. మీ ఆప్షన్లలో నిర్వాణ ఉంది కాబట్టి దానికే టిక్ పెట్టేయండి. పెర్ల్ జామ్ పాట 'జెరెమీ' మాత్రం పెట్టకండి, అది మార్క్ పెల్లింగ్టన్ తీసింది.