తలలో పాత రక్తం: మాత్రలతో కరుగుతుందా, ఆపరేషన్ తప్పదా?

మీ మావయ్యగారికి 74 ఏళ్లు, రెండు నెలల కిందట గుమ్మం తగిలి తలకు చిన్న దెబ్బ. ఇప్పుడు నడక తడబడుతోంది, స్కాన్‌లో క్రానిక్ సబ్‌డ్యూరల్ హెమటోమా, అంటే తలలో పాత రక్తం చేరిందని వచ్చింది. ఒక డాక్టరు ఆపరేషన్ అంటే ఇంకొకరు మాత్రలు వాడి చూద్దామన్నారు, ఎవరి మాట వినాలి అని కదా మీ ప్రశ్న. నేను డాక్టర్ని కాదు. మా నాన్నగారికి ఇదే జబ్బుకు ఆపరేషన్ అయింది, ఆ టెన్షన్‌లో దొరికిన పరిశోధనలన్నీ చదివాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: నడకలో, మాటలో, మతిలో తేడా వచ్చాక మాత్రలతో కాలయాపన వద్దు.

ఈ రక్తం మెదడు లోపల ఉండదు. మెదడుకూ దానిపైన ఉండే మందపాటి పొరకూ మధ్య చేరుతుంది. వయసు మీద పడేకొద్దీ మెదడు కాస్త కుంచించుకుపోయి, పై పొరకు వెళ్లే సన్నటి సిరలు సాగి ఉంటాయి. చిన్న దెబ్బకే ఏదో ఒకటి చిట్లుతుంది. చేరిన రక్తం చుట్టూ పలచటి పొర కడుతుంది, అందులో కొత్తగా పుట్టే రక్తనాళాలు గట్టివి కావు, అవీ కారుతూ ఉంటాయి. అందుకే దెబ్బ సంగతి అందరూ మరిచిపోయాక జబ్బు బయటపడుతుంది. ఇంట్లోవాళ్లు ‘పెద్దతనం’ అనుకుంటారు. మా నాన్నగారికి నడుస్తుంటే ఎడమకాలి చెప్పు ఊడిపోయేది, ఊడినట్టు కూడా తెలిసేది కాదు. ఒంటి చెప్పుతోనే వరండా దాటి వంటింటి దాకా వచ్చేసేవారు. చొక్కా గుండీలు ఒకటి పెట్టి ఒకటి వదిలేసేవారు. ఏమైంది నాన్నా అంటే, ‘నాకేం, బాగానే ఉన్నా’ అని కసిరేవారు.

మాత్రల సంగతికొస్తే, మీకు రాసింది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ అయితే ఒకటికి రెండుసార్లు అడగండి. బ్రిటన్‌లో 748 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి. వాళ్లలో చాలామందికి ఆపరేషన్ కూడా అయింది. స్టెరాయిడ్ వాడినవాళ్లలో మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది 1.7 శాతం మందికే, వాడనివాళ్లలో 7.1 శాతం. ఇంతవరకే చదివితే భేష్ అనిపిస్తుంది. కానీ ఆరు నెలల తర్వాత చూస్తే, బాగా కోలుకున్నవాళ్లు స్టెరాయిడ్ వైపు 83.9 శాతం, డమ్మీ మాత్ర వైపు 90.3 శాతం. షుగర్ పెరగడం, మతి చెదరడం లాంటి ఇబ్బందులూ స్టెరాయిడ్ వైపే ఎక్కువ. మన ఇళ్లలో షుగర్ లేని పెద్దవాళ్లు ఎంతమంది?

కొలెస్ట్రాల్‌కు వాడే అటోర్వాస్టాటిన్ రాసి ఉంటే అది వేరే కథ. చైనాలో 2018లో వచ్చిన ట్రయల్‌లో దానితో రక్తం పరిమాణం తగ్గింది. అయితే వాళ్లు అప్పటికప్పుడు ఆపరేషన్ అక్కర్లేని రోగులు. మీ మావయ్యగారికి నడకే తేడా వచ్చింది కాబట్టి ఆ ఫలితం ఆయనకు నేరుగా వర్తించదు.

ఆపరేషన్ అంటే పుర్రె మొత్తం తెరవరు. ఒకటో రెండో చిన్న రంధ్రాలు పెట్టి ద్రవాన్ని బయటికి తీస్తారు. మా నాన్నగారికి మత్తు ఆ భాగం వరకే ఇచ్చారు. వచ్చింది ఎర్రటి రక్తం కాదు, మారుస్తామని తీసిన పాత ఇంజనాయిల్‌లా ఉంది. సర్జన్‌ను మీరు తప్పక అడగాల్సిన ప్రశ్న ‘డ్రెయిన్ పెడతారా?’ అని, అంటే మిగిలిన ద్రవం బయటికి కారిపోయేందుకు కొన్నాళ్లు ఉంచే సన్నటి పైపు. కేంబ్రిడ్జిలో 215 మంది మీద చేసి 2009లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన ట్రయల్‌లో, డ్రెయిన్ పైపు పెట్టినవాళ్లలో మళ్లీ రక్తం చేరింది 9.3 శాతం మందికి, పెట్టనివాళ్లలో 24 శాతం మందికి. ఆరు నెలల్లోపు మరణాలు కూడా 18.1 శాతం నుంచి 8.6కు తగ్గాయి. ఒక పైపుకు ఇంత తేడానా అని నేను ఆ పట్టిక మళ్లీ మళ్లీ చూశాను. ఆ పైపు ఉన్నన్నాళ్లు రాత్రిపూట ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుని కూర్చోవాలి, నిద్రమత్తులో లాగేస్తారు.

ఈమధ్య పెద్దాసుపత్రుల్లో ఎంబలైజేషన్ అని కూడా అంటున్నారు. రక్తనాళం గుండా సన్నటి గొట్టం పంపి ఆ పొరకు రక్తం అందించే ధమనిని మూసేస్తారు. 2024లో వచ్చిన 400 మంది ట్రయల్‌లో, ఆపరేషన్‌తో పాటు ఇది కూడా చేస్తే మళ్లీ ఆపరేషన్ అవసరం 11.3 శాతం నుంచి 4.1కి తగ్గింది. మంచిదే, కాకపోతే దానికీ స్ట్రోక్ లాంటి రిస్కులున్నాయి, ఖర్చూ ఉంది. దానికోసం అప్పు చేయాల్సి వస్తే నేనైతే ఆగుతాను. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను ముందే కనుక్కోండి.

ఇంకొకటి. ఆయన గుండెకు ఎకోస్ప్రినో క్లోపిడోగ్రెలో, అంటే రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్రలు, వాడుతుంటే ఆ సంగతి సర్జన్‌కు ఈరోజే చెప్పండి, మీరై మీరు మాత్రం ఆపకండి. స్టెంట్ ఉంటే గుండె డాక్టరూ న్యూరోసర్జనూ మాట్లాడుకుని తేల్చాలి. మళ్లీ ఏ తేదీ నుంచి వేసుకోవాలో డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి. ఇంటికొచ్చాక నడక మళ్లీ తడబడినా, తలనొప్పి పెరిగినా, మధ్యాహ్నం వేళ లేపినా లేవనంత మగతగా ఉన్నా, రివ్యూ తేదీ దాకా చూడకుండా స్కాన్‌కు తీసుకెళ్లండి.