కొనేముందు ఇంటి కప్పు చూసుకోండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ త్రీడీ సౌండు గురించే, అంటే చుట్టూనే కాక పైనుంచి కూడా వినిపించే శబ్దం గురించి.

ప్రశ్న: ఏ షాపుకెళ్లినా ప్రతి పెట్టె మీదా ‘త్రీడీ సౌండ్’, ‘అట్మాస్’ అని ఉంటోంది. మా దగ్గర పదేళ్లనాటి 5.1 ఉంది. నిజంగా తేడా ఉందా, పేరు మార్చి అమ్ముతున్నారా?
— పాఠకుడు, కావలి

జవాబు: తేడా ఉంది. పేరు మార్చి అమ్మడమూ ఉంది. 1931లో ఆలన్ బ్లూమ్‌లైన్ స్టీరియోకి పేటెంటు దరఖాస్తు పెట్టింది మొదలు మీ 5.1 దాకా, ఇళ్లలో శబ్దం మన చెవుల ఎత్తులోనే తిరిగింది. ముందు మూడు, పక్కల రెండు, ఒక సబ్‌వూఫర్ అంతే. పైనుంచి ఏమీ రాదు. డాల్బీ అట్మాస్ 2012లో థియేటర్లకి, 2014లో ఇళ్లకి వచ్చింది. మరుసటేడు అలాంటిదే డీటీఎస్-ఎక్స్ వచ్చింది. వీటిలో శబ్దాన్ని ‘ఫలానా స్పీకరుకి’ అని కాకుండా ‘గదిలో ఫలానా చోట’ అని కూడా రాసిపెట్టొచ్చు. మీ ఇంట్లో ఎన్ని స్పీకర్లున్నాయో చూసుకుని, ఏది ఎంత మోగాలో రిసీవరే, అంటే స్పీకర్లన్నిటినీ నడిపే పెట్టే, అప్పటికప్పుడు లెక్క వేసుకుంటుంది.

పెట్టె మీద మూడో అంకె చూడండి. 5.1.2లో చివరి 2 అంటే ఎత్తు స్పీకర్లు రెండు. ఆ అంకె లేని పెట్టె అట్మాస్‌ని చదవగలదేమో గానీ, పైనుంచి పలకడానికి దానికి నోరు లేదు. అది చేసేదంతా కనికట్టే. ఒక్కోసారి బాగానే ఉంటుంది, కాదనను.

ప్రశ్న: కొత్త ఇంటికి సెంట్రింగ్ కొట్టారు, కమ్మీ కడుతున్నారు. వచ్చే వారం స్లాబు. హాలు 16 అడుగుల పొడవు, 12 వెడల్పు, ఎత్తు 10. పైన నాలుగు స్పీకర్లు పెట్టాలని ఉంది. పైపులు ఎక్కడ వేయించాలి?
— పాఠకురాలు, ఒంగోలు

జవాబు: సరైన సమయంలో అడిగారు. స్లాబు ఆరాక డ్రిల్లు పెడితే కమ్మీకి తగులుతుంది, లేదంటే కరెంటు పైపుకి.

ముందు సోఫా ఎక్కడో తేల్చండి, పైపులు ఆ తర్వాత. మనవాళ్లు సోఫాని వెనక గోడకి ఆనించేస్తారు. అలాగైతే వెనక ఎత్తు స్పీకర్లకి చోటే ఉండదు. తల టీవీ గోడకి 10 అడుగుల దూరంలో, వెనక గోడకి 6 అడుగులు ముందు ఉండాలి. కూర్చున్నప్పుడు చెవి నేలకి మూడున్నర అడుగుల ఎత్తున ఉంటుంది, అంటే అక్కణ్ణుంచి స్లాబుకి ఆరున్నర. ముందు జత 45 డిగ్రీల వాలులో రావాలి కాబట్టి తలకి ఆరున్నర అడుగులు ముందు, అంటే టీవీ గోడ నుంచి మూడున్నర అడుగుల దగ్గర. వెనక జత తలకి 5 అడుగులు వెనక. ఇది 45 కన్నా కాస్త నిటారే అయినా హద్దులోనే ఉంది. అడ్డంగా చూస్తే నాలుగూ టీవీ పక్కనుండే ఎడమ, కుడి స్పీకర్ల వరసలోనే రావాలి. ఆ రెంటి మధ్య 8 నుంచి 9 అడుగులు ఉంచండి.

సోఫా కదలదంటారా, నాలుగు మానేసి రెండే వేయించండి. తలకి అడుగు ముందు, నడినెత్తికి దగ్గరగా. అరకొర నాలుగు కన్నా సరైన రెండు నయం.

పైపు 25 మి.మీ. మందపాటి పీవీసీ. స్పీకరు వచ్చేచోట లోతు బాక్సు. మూలల్లో ఎల్బో వద్దు, పొడుగు బెండే పెట్టమనండి. ఎల్బో దగ్గర వైరు ఇరుక్కుంటే ఎంత లాగినా రాదు. పైపులోకి ముందే ఒక జీఐ తీగ దూర్చి రెండు కొసలూ బయటికి ఉంచండి. బాక్సుల్లో కాగితాలు కుక్కి టేపు చుట్టించండి. కాంక్రీటు పోసేటప్పుడు సిమెంటు పాలు లోపలికి దిగి గట్టిపడితే ఆ పైపు ఇక లేనట్టే. వైబ్రేటరు పెట్టేటప్పుడు అతుకులు ఊడతాయి, ఆ పూట దగ్గరే నిలబడండి. కరెంటు పైపుకి అడుగు ఎడం ఉండాలి. దాటక తప్పనిచోట అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పరుగెత్తనివ్వద్దు. టీవీకి హెచ్‌డీఎంఐ వెళ్లే పైపు మాత్రం 40 మి.మీ. పెట్టండి. సన్న పైపు వంపులో ఆ వైరు తల పట్టదు.

వైరు 50 అడుగుల లోపైతే 1.5 చదరపు మి.మీ., దాటితే 2.5. రాగే కొనండి. చవగ్గా దొరికేది రాగి పూత పూసిన అల్యూమినియం. ఒక పోగుని బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. రాగికన్నా నిరోధం ఎక్కువ, బిగించినచోట తొందరగా పాడవుతుంది.

ప్రశ్న: మాది పెంకుటిల్లు. పైకి కొట్టే స్పీకర్లున్న సౌండ్‌బార్ కొన్నాం. షాపులో వాన నెత్తిన పడ్డట్టు వినిపించింది, ఇంట్లో ఏమీ లేదు. వెనక్కి ఇచ్చేయాలా?
— పాఠకుడు, పొదలకూరు

జవాబు: బారులో లోపమేం లేదు. అది శబ్దాన్ని కప్పుకేసి కొడుతుంది, కప్పు తిప్పి మీ మీదికి కొట్టాలి. అందుకు కప్పు చదునుగా, గట్టిగా, సుమారు ఏడున్నర నుంచి 12 అడుగుల ఎత్తులో ఉండాలి. పెంకుల వాలు శబ్దాన్ని మరోవైపుకి తోసేస్తుంది, సందుల్లోంచి కొంత బయటికే పోతుంది. రేకుల ఇంటికీ, దూలాల మిద్దెకీ ఇదే చిక్కు.

ఇంట్లో స్లాబు గది ఒక్కటున్నా బారుని అక్కడికి మార్చండి. కప్పు మీద, బారుకీ మీకూ ఇంచుమించు సగం దూరంలో, ఒకరిని అద్దం పట్టుకోమనండి. మీ చోట కూర్చుంటే బారు పైభాగం ఏ చోట పెట్టిన అద్దంలో కనిపిస్తుందో శబ్దం తిరిగేది అక్కడే. ఆ చోట ఫ్యాను ఉందా, రెక్కలు శబ్దాన్ని కోస్తూ ఉంటాయి. మన ఎండల్లో ఫ్యాను ఆపమని ఎవరు చెప్పగలరు! బారునే రెండడుగులు జరపండి.

పెంకుటింట్లోనే వినాలంటే బారుతో కుదరదు. రిసీవరు తీసుకుని, రెండు చిన్న స్పీకర్లు టీవీ గోడ మీద వీలైనంత ఎత్తున, మీ వైపు వంచి బిగించి, సెట్టింగుల్లో ‘ఫ్రంట్ హైట్’ అని పెట్టాలి.

ప్రశ్న: బారు మీద అట్మాస్ బదులు ఎప్పుడూ ‘పీసీఎం’ అనే చూపిస్తోంది.
— పాఠకుడు, గూడూరు

జవాబు: పీసీఎం అంటే టీవీయే విప్పేసి పంపే మామూలు శబ్దం. ఎర్రగా వెలిగే ఆప్టికల్ వైరుతో కలిపారేమో చూడండి. ఓటీటీల అట్మాస్ వచ్చే డాల్బీ డిజిటల్ ప్లస్ అందులో పట్టదు. ఆ వైరు తీసేసి, టీవీ వెనక ‘ఆర్క్’ లేదా ‘ఈ-ఆర్క్’ అని రాసున్న, టీవీ శబ్దాన్ని బారుకి పంపే హెచ్‌డీఎంఐ పోర్టుకే కలపండి, పక్క పోర్టుకి కాదు. టీవీ సెట్టింగుల్లో సీఈసీ (హెచ్‌డీఎంఐ వైరు ద్వారా టీవీ, బారు ఒకదాన్నొకటి నడిపే ఏర్పాటు) ఆన్ చేసి, డిజిటల్ ఆడియోని పీసీఎం నుంచి ‘పాస్ త్రూ’కి, అంటే ఉన్నదున్నట్టు పంపేదానికి మార్చండి. తర్వాత రెంటినీ స్విచ్‌బోర్డు దగ్గరే ఆపి, నిమిషం ఆగి, మొదట టీవీని ఆన్ చేయండి. ఓటీటీకి మామూలు ఆర్క్ చాలు. బ్లూ-రేలో ఉండే, నాణ్యత పోకుండా కుదించిన అట్మాస్‌ని టీవీ మీదుగా పంపాలంటేనే ఈ-ఆర్క్ కావాలి. ఇవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే మీ చందా ప్లాను చూడండి. నెట్‌ఫ్లిక్స్ అట్మాస్ ఇచ్చేది ప్రీమియంలోనే.

ప్రశ్న: హాలంతా చీమకుర్తి గ్రానైట్ పరిచాం. 5.1.2 పెట్టాక మాటలు గుహలో మాట్లాడినట్టున్నాయి.
— పాఠకురాలు, చీమకుర్తి

జవాబు: హాలు మధ్యలో గట్టిగా ఒక్క చప్పట కొట్టండి. వెనకే ‘ట్రింగ్’మని తోక వినిపిస్తే తప్పు మీ స్పీకర్లది కాదు, నున్నటి నేలదీ బోడి గోడలదీ. టీవీకీ సోఫాకీ మధ్య మందపాటి తివాచీ వేయండి. పక్కగోడల మీద స్పీకర్ల శబ్దం మొదట తగిలేచోట్లు పైన చెప్పిన అద్దం కిటుకుతోనే దొరుకుతాయి. అక్కడ పాత చీరల బొంతని గోడకి రెండంగుళాలు ఎడంగా వేలాడదీయండి. గోడకి ఆనిస్తే పని సగమే. పల్చటి కర్టెన్లు కీచుదనం తగ్గిస్తాయి గానీ బేస్‌ని ఏమీ చేయలేవు. ఆ తర్వాత రిసీవరుతో వచ్చిన మైకుని స్టాండు మీద చెవి ఎత్తున నిలిపి, ఫ్యాను ఆపి, గది శబ్దపు కొలతలు మళ్లీ తీయండి. మైకుని సోఫా మీద పడేసి తీసిన కొలతలు పనికిరావు.

ప్రశ్న: పాత సినిమా పాటలు త్రీడీలో వినొచ్చా?
— పాఠకుడు, అద్దంకి

జవాబు: పాత పాటలు చాలావరకు మోనో, అంటే ఒకే చానెల్లో రికార్డయినవి. మోనోలో ఎత్తు లేదు. రిసీవరులో ‘డాల్బీ సరౌండ్’ (పాటని అన్ని స్పీకర్లకీ పంచే మోడు) నొక్కితే పాటంతా మధ్య స్పీకరులోకి చేరిపోతుంది. రిసీవరుని స్టీరియో మోడులో పెట్టే వినండి.