ఇలియోస్టమీ (చిన్నపేగును పొట్టపైకి తెచ్చి మలం సంచిలోకి పోయేలా చేసే ఆపరేషన్) సంచి నీళ్లలా నిండుతుంటే మంచినీళ్లు ఎక్కువ తాగాలా?

వద్దు. ఉప్పు లేని నీళ్లు చిన్నపేగులోకి చేరితే ఒంట్లోని సోడియం పేగులోకి దిగుతుంది, దాని వెంటే నీరూ పోతుంది. దాహం తీరదు, సంచి ఇంకా నిండుతుంది. కొబ్బరినీళ్లలోనూ సోడియం తక్కువే. లీటరు ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను సరిగ్గా 1 లీటరు నీళ్లలో కలిపి, రోజంతా కొద్దికొద్దిగా తాగండి. ఉప్పేసిన పెరుగన్నం, సగ్గుబియ్యం, అరటిపండు సంచిలోకి వచ్చేదాన్ని చిక్కబరుస్తాయి. సంచి మూడోవంతు నిండగానే కొలతగిన్నెలోకి వంపి రాసుకోండి. 24 గంటల్లో 1500 మి.లీ. దాటినా, మూత్రం తగ్గినా, కళ్లు తిరిగినా ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. లోపెరమైడ్ (పేగు కదలికను నెమ్మదింపజేసే మాత్ర) డాక్టర్ చెప్పిన మోతాదులోనే, భోజనానికి అరగంట ముందు వేసుకోండి. కడుపు మెలిపెడుతూ, వాంతులవుతూ, సంచిలోకి ఏమీ రాకపోతే మాత్రం పేగు మూసుకుపోయి ఉండొచ్చు. అప్పుడు ఆ మాత్ర అస్సలు వేయకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.